సర్వాయి పాపన్న

సర్వాయి పాపన్న (మరణం: 1710) పదిహేడవ శతాబ్ది చివర, పద్దెనిమిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో తెలంగాణలో మొగలు అధికారాన్ని ఎదిరించిన నాయకుడు. కల్లుగీత కులవృత్తిగా గల గౌడ కుటుంబంలో జన్మించి, ఆ వృత్తిని వదలి, కోటలు కట్టి, వరంగల్లు వంటి పట్టణాన్ని కొల్లగొట్టగలిగిన స్థాయికి ఎదిగాడు. ఆనాటి పారసీక చరిత్రకారులు ఇతనిని కల్లు అమ్ముకునే కులానికి చెందిన దారిదోపిడీ దొంగగా చిత్రించారు. తెలుగు జానపద గాథలు మాత్రం ఇతనిని వీరునిగా కీర్తించాయి. ప్రజలు ఇతనిని సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ అని పిలుస్తారు. పాపన్న చివరిసారిగా పట్టుబడిన హసనాబాదు గ్రామాన్ని 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండిన హుస్నాబాదుగా భావిస్తారు.

ఆధారాలు

పాపన్న జీవితాన్ని తెలుసుకోవడానికి రెండు రకాల ఆధారాలున్నాయి. మొదటిది మొగలు కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ పారసీక భాషలో రచించిన ముంతఖబుల్ లుబాబ్. ఇది పాలకుల వైపు నుండి వ్రాసిన గ్రంథం. ఇందులో ఇతని పేరు పాపడు. రెండవది జనం నోట నిలిచిన వీరగాథ. జె.ఎ. బోయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో తెలుగు వీరగాథలపై వ్రాసిన వ్యాసంలో ఈ గాథ కూడా ఉంది. తరువాతి కాలంలో జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఈ రెండు ఆధారాలను పక్కపక్కన ఉంచి పరిశీలించారు. రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్రపై వ్రాసిన పుస్తకంలో ఒక అధ్యాయాన్ని పాపన్నకు కేటాయించాడు.

కల్లుగీత వృత్తి

పాపన్న వదులుకున్న వృత్తి ఎటువంటిదో తెలిస్తేనే అతని జీవితం అర్థమవుతుంది. గీత కార్మికుడు మోకు, ముత్తాదుల సాయంతో తాటిచెట్టు ఎక్కి, గెలను కత్తితో పలుచగా చెక్కి, కారే రసాన్ని లొట్టిలో పడతాడు. ఈతచెట్టుకైతే మొవ్వ దగ్గర గీస్తారు. అప్పుడే దిగిన రసం తియ్యగా ఉంటుంది. లొట్టిలోను గాలిలోను ఉండే సూక్ష్మజీవుల వలన అది కొద్ది గంటలలోనే పులిసి మత్తు పానీయమవుతుంది. ఉదయం ఇంపుగా ఉన్న కల్లు సాయంత్రానికి పులుపెక్కుతుంది, ఇంకా నిలవ ఉంటే తాగడానికి పనికిరాదు. అందువలన కల్లు అమ్మేవానికి ప్రతి పూటా పరీక్షే. మంచి కల్లుకు, చెడిన కల్లుకు మధ్య ఉన్నది కొన్ని గంటల వ్యవధి మాత్రమే.

ఈ పానీయం పాలకులకు మంచి రాబడి వనరు. పదిహేడవ శతాబ్ది మధ్యలో గోల్కొండ రాజ్యాన్ని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, హైదరాబాదుకు ప్రతిదినం ఐదారు వందల గుర్రాలపై తోలు తిత్తులలో కల్లు వచ్చేదని వ్రాశాడు. ఐదారు కోసుల దూరం నుండి గుర్రాలను వేగంగా నడిపించి తెచ్చేవారట. దీనిపై పన్ను ద్వారా రాజుకు పెద్ద ఆదాయం లభించేదని కూడా అతడు పేర్కొన్నాడు. చెట్టెక్కి ప్రాణాలకు తెగించేవానికి మాత్రం సమాజంలో దక్కిన స్థానం తక్కువ. ఖాఫీఖాన్ పాపన్న కులాన్ని ప్రస్తావించిన తీరులోనే ఆ చులకన కనబడుతుంది.

తొలి జీవితం

జనశ్రుతి ప్రకారం పాపన్న 1650 ఆగస్టు 18న జన్మించాడు. తల్లి పేరు సర్వమ్మ అని, స్వగ్రామం నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్ అని చెబుతారు. సమకాలీన గ్రంథాలలో జన్మతేదీ లేదు. తల్లి కులవృత్తి చేసుకోమని కోరగా పాపన్న నిరాకరించినట్లు వీరగాథ చెబుతుంది. తాటిచెట్ల నీడలో నిద్రించిన బాలునికి నాగుపాము పడగ పట్టిందనే కథ కూడా ప్రచారంలో ఉంది. రాజయోగం గలవారికి చెప్పే ఈ కథను జనం ఒక గీత కార్మికుని బిడ్డకు అన్వయించారు.

ఖాఫీఖాన్ కథనం ఇందుకు భిన్నంగా మొదలవుతుంది. పాపన్న తన అనుచరులతో కలిసి, ధనవంతురాలైన వితంతువు, తన సొంత సోదరిపై దాడి చేసి ఆమె నగలను దోచుకున్నాడు. ఆ ధనంతో తాటికొండ వద్ద గుట్టపై చిన్న కోట కట్టి, హైదరాబాదు - వరంగల్లు బాటలో పోయే వర్తకులను దోచసాగాడు. అప్పటికి గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యం 1687లో ఔరంగజేబు వశమై కొన్నేళ్ళే అయింది. కొత్త పాలన ఇంకా కుదురుకోలేదు.

స్థానిక ఫౌజుదార్లు, జమీందార్లు వెంటాడగా పాపన్న నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాస్‌కు పారిపోయి, అక్కడి జమీందారు వెంకటరావు కొలువులో చేరాడు. అక్కడ కూడా దోపిడీలు మానకపోవడంతో వెంకటరావు అతనిని చెరసాలలో వేశాడు. కొన్ని నెలల తరువాత జమీందారు భార్య, జబ్బుపడిన తన కుమారుడు కోలుకోవాలని ఖైదీలను విడిపించింది. వారిలో పాపన్న కూడా బయటపడ్డాడు.

షాపూర్ కోట

విడుదలైన పాపన్న తాటికొండకు సమీపంలోని షాపూరును స్థావరం చేసుకున్నాడు. ఇదే నేటి ఖిలాషాపూర్. ఇక్కడ సర్వ అనే సహచరుడు తోడయ్యాడు. పాపన్న అనుచరులలో ముస్లిములు, దూదేకులవారు, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల మొదలైన కులాలవారు ఉన్నట్లు వీరగాథ చెబుతుంది. గ్రామంలో చేతివృత్తులు చేసుకునేవారే ఈ దండులో ఎక్కువ మంది.

పాపన్న మనుషులు సంపన్నుల ఇళ్ళను దోచి స్త్రీలను కూడా ఎత్తుకుపోతున్నారని ఔరంగజేబుకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఫిర్యాదు చేసినవారిలో హిందువులు, ముస్లిములు ఇరువురూ ఉన్నారు. హైదరాబాదు ఉప సుబేదారు రుస్తుం దిల్‌ఖాన్ పంపిన కొలనుపాక ఫౌజుదారు కాసింఖాన్ పోరులో మరణించాడు. 1702లో రుస్తుం దిల్‌ఖాన్ స్వయంగా వచ్చి షాపూరును రెండు నెలలు ముట్టడించాడు. పాపన్న, సర్వ తప్పించుకోగా మొగలు సైన్యం కోటను కూల్చి వెళ్ళింది. సైన్యం వెనుదిరగగానే పాపన్న తిరిగి వచ్చి, ఈసారి రాతితో, సున్నంతో గట్టి కోట కట్టి ఫిరంగులు అమర్చాడు.

ఈ కాలంలోనే సర్వ, పుర్దిల్‌ఖాన్ అనే మరొక సహచరునితో ద్వంద్వ యుద్ధానికి దిగగా ఆ గాయాలతో ఇద్దరూ మరణించారు. దండుకు పాపన్న ఒక్కడే నాయకుడైనాడు. 1707లో రుస్తుం దిల్‌ఖాన్ మళ్ళీ ముట్టడించినప్పుడు పాపన్న అతనికి ధనమిచ్చి మరలించాడు.

వరంగల్లు, భువనగిరి దాడులు

1707లో ఔరంగజేబు మరణించాడు. వారసుల మధ్య సింహాసనం కొరకు పోరు సాగుతుండగా దక్కనులో అధికారం సడలింది. ఈ అవకాశాన్ని పాపన్న వినియోగించుకున్నాడు. 1708 మార్చి 31న, మొహర్రం పదవనాటి ముందు రాత్రి, జనం పీరుల పండుగ సన్నాహాలలో ఉండగా, రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల అశ్వికులతో వరంగల్లుపై దాడి చేశాడు. అతని మనుషులు గోడలెక్కి లోనికి ప్రవేశించి, రెండు మూడు రోజులపాటు పట్టణాన్ని దోచుకున్నారు. నగదు, విలువైన వస్త్రాలతో పాటు సంపన్న కుటుంబాలవారిని కూడా బందీలుగా తీసుకుపోయారు. బందీల కొరకు షాపూరు వద్ద ప్రత్యేకంగా ఆవరణ కట్టించాడు.

ఈ సంపదతో పాపన్న ఏడు వందల జంటగొట్టాల తుపాకులు సంపాదించాడు. ధాన్యం మోసుకుపోయే బంజారాల నుండి పది పన్నెండు వేల ఎడ్లను పట్టుకుని తన పొలాలను దున్నించాడు. దారిదోపిడీతో మొదలైనవాడు సేద్యం, కోట, ఆయుధాలు, సైన్యం గల చిన్న రాజుగా మారుతున్నాడనడానికి ఇది నిదర్శనం. అదే సంవత్సరం జూన్ 1న, ప్రవక్త జన్మదినం నాడు, భువనగిరిపై దాడి చేశాడు. కోట దక్కలేదు కాని పట్టణం నుండి పలువురిని బందీలుగా పట్టుకుపోయాడు.

చక్రవర్తి దర్బారు

1709 జనవరిలో బహదూర్ షా తన సోదరుడు కాంబక్ష్‌ను హైదరాబాదు వద్ద ఓడించాడు. చక్రవర్తి అక్కడ ఉండగానే పాపన్న పద్నాలుగు లక్షల రూపాయలు, సైన్యానికి ఆహార సామగ్రి కానుకగా సమర్పించాడు. బదులుగా చక్రవర్తి నుండి గౌరవ వస్త్రాన్ని పొందాడు. అంటే మొగలు సామ్రాజ్యం అతనిని ఒక సామంతునిగా గుర్తించింది.

ఈ గౌరవం ఎక్కువ కాలం నిలవలేదు. పాపన్న చెరలో తమవారు ఉన్న హైదరాబాదు ప్రముఖులు తీవ్రంగా నిరసించారు. కల్లు అమ్ముకునే కులంవానికి దర్బారులో సన్మానం జరగడం కూడా వారికి మింగుడు పడలేదు. చక్రవర్తి మనసు మార్చుకుని, పాపన్నను అణచివేయమని సుబేదారు యూసుఫ్‌ఖాన్‌ను ఆదేశించాడు. ఆ పని కొరకు యూసుఫ్‌ఖాన్ మొదట దిలావర్‌ఖాన్‌ను పంపాడు.

పతనం, మరణం

షాపూరు కోట లోపలి నుండే పడిపోయింది. పాపన్న చెరలో అతని భార్య సోదరుడైన ఒక ఫౌజుదారు కూడా ఉన్నాడు. ఆమె అన్నంలో ఆకురాళ్ళు దాచి పంపగా, బందీలు సంకెళ్ళు కోసుకున్నారు. పాపన్న మరొక కోటను ముట్టడించడానికి వెళ్ళిన సమయంలో వారు కావలివారిని లొంగదీసి కోటను వశం చేసుకున్నారు. తిరిగి వచ్చిన పాపన్నను అతని కోట ఫిరంగులే ఎదుర్కొన్నాయి. ఇంతలో దిలావర్‌ఖాన్ సైన్యం కూడా రావడంతో పాపన్న తాటికొండకు తరలిపోయాడు.

యూసుఫ్‌ఖాన్ ఐదారు వేల అశ్వికులతో తాటికొండను ముట్టడించాడు. స్థానిక జమీందార్ల బలగాలు అతనికి తోడయ్యాయి. ముట్టడి నెలల తరబడి సాగి 1710 మార్చి వరకు నడిచింది. పాపన్నను వదలి వచ్చినవారికి రెట్టింపు జీతం ఇస్తామని ప్రకటించడంతో ఆకలితో ఉన్న అనుచరులు పలువురు వెళ్ళిపోయారు. కాలికి గాయమైన పాపన్న మారువేషంలో ఒంటరిగా తప్పించుకుని, రెండు రోజులు ప్రయాణించి హసనాబాదు చేరాడు. ఆ గ్రామం అతడు నెలకొల్పినదే.

అక్కడ ఒక గీత కార్మికుడు అతనిని గుర్తుపట్టి, మాటలతో ఆపి ఉంచి, అధికారులకు కబురు చేశాడు. పట్టుకోవడానికి వచ్చినవాడు షాపూరు చెర నుండి బయటపడిన భార్య సోదరుడే. కొద్ది రోజుల తరువాత పాపన్నను చంపి, తలను చక్రవర్తి దర్బారుకు పంపారు. మొండెమును హైదరాబాదు నగర ద్వారానికి వేలాడదీశారు. జనకథనాలలో మాత్రం పాపన్న శత్రువుకు చిక్కకుండా తన బాకుతో తానే పొడుచుకుని మరణిస్తాడు.

అంచనా

పాపన్న గోల్కొండ కోటను జయించి ఏలాడని ప్రజలలో ఒక నమ్మకముంది. సమకాలీన ఆధారాలు దీనిని సమర్థించవు. అలాగే ఇతని పోరాటాన్ని మత పోరాటంగా చెప్పడానికి కూడా ఆధారం లేదు. అతని దండులో రెండు మతాలవారూ ఉన్నారు, అతని చేతిలో నష్టపోయినవారిలోనూ ఉన్నారు, అతనిని అణచడానికి కలిసినవారిలోనూ ఉన్నారు. ఒక వైపు వర్తకులు, జమీందార్లు, ఫౌజుదార్లు, మరొక వైపు చేతివృత్తులవారు నిలిచారని ఈటన్ విశ్లేషించాడు.

ఇతని చర్యలలో సామాన్యులకు కలిగిన బాధను కాదనలేము. ఎత్తుకుపోబడిన స్త్రీలు, ఎడ్లు పోగొట్టుకున్న బంజారాలు ఆ చరిత్రలో భాగమే. అయినా చెట్టెక్కే కులంలో పుట్టినవాడు కోట కట్టి, చక్రవర్తి చేతి గౌరవాన్ని అందుకున్నాడన్న విషయం జనం మరువలేదు. చరిత్రకారుడు తక్కువ చేయడానికి చెప్పిన కులమే గాథలో గర్వకారణమైంది.

స్మృతి చిహ్నాలు

ఖిలాషాపూర్‌లో, తాటికొండలో కోటల శిథిలాలు ఉన్నాయి. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కోహెడ మండలం సర్వాయిపేటలో ఉన్న కోట కూడా పాపన్న కట్టించినదేనని చెబుతారు. హుస్నాబాదులోని ఎల్లమ్మ గుడిని కూడా స్థానికులు పాపన్న పేరుతో ముడిపెడతారు. రేణుకా ఎల్లమ్మ గౌడ కులస్థుల ఆరాధ్య దేవత. తెలంగాణలో పలు ఊళ్ళలో గీత కార్మికులు పాపన్న విగ్రహాలను నెలకొల్పారు. 2022 నుండి తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా జరుపుతున్నది.