పురుషోత్తమ చౌదరి

పురుషోత్తమ చౌదరి (సెప్టెంబరు 5, 1803 - 1890) తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు, మతబోధకుడు. కీర్తనలతో పాటు ఒక శతకాన్ని, కొన్ని వచన గ్రంథాలను కూడ రచించాడు. తెలుగు క్రైస్తవులు ఈయనను ఆంధ్ర క్రైస్తవ పదకవితా పితామహునిగా గౌరవిస్తారు. ఈయన మాతృభాష తెలుగు కాదు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తెలుగు నేర్చి, తెలుగులో రచనలు చేశాడు.

జననం, విద్యాభ్యాసం

పురుషోత్తమ చౌదరి నాటి గంజాం జిల్లా పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించాడు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. ఆ కాలంలో గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగు, ఒడియా భాషలు రెండూ వాడుకలో ఉన్న నేల అది. చౌదరి ఆ రెండు భాషలనూ, వాటితో పాటు సంస్కృతాన్నీ అభ్యసించాడు. వైష్ణవ సంప్రదాయంలో పెరిగాడు. చిన్ననాటి నుండి విన్న నామసంకీర్తన, స్తోత్రపాఠాలు ఈయన రచనలకు పునాది అయినాయి. మతం మారినా ఆ ఫణితి మాత్రం ఈయనను వదలలేదు.

నాటి తెలుగు క్రైస్తవ వాఙ్మయం

చౌదరి రచన మొదలుపెట్టే నాటికి తెలుగులో క్రైస్తవ గ్రంథాలు బహు స్వల్పం. 18వ శతాబ్దిలో జర్మనీ దేశస్థుడైన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి బైబిలును తెలుగులోకి అనువదించాడు గాని ఆ అనువాదం అచ్చు కాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరి అనువాదం చేపట్టారు. మతం మారిన మరాఠీ బ్రాహ్మణుడు ఆనందరాయరు వారికి కుడిభుజంగా నిలిచాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారు సిద్ధపరచిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురం ముద్రణాలయంలో అచ్చయినాయి. ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

ఇవన్నీ చదువరుల కోసం వచ్చినవి. చదువురాని వారి నోట నిలిచే పాట ఇంకా రాలేదు. పాశ్చాత్య గీతాలను మాటకు మాటగా తెనిగించి, వారి బాణీలలోనే పాడించవచ్చు. అయితే ఆంగ్ల గీతాల నడకకు తెలుగు పదం సులభంగా ఒదగదు. దీర్ఘం పడవలసిన చోట హ్రస్వం, విరుపు రావలసిన చోట సమాసం వచ్చి చిక్కు పెడుతుంది. ఈ చిక్కుకు చౌదరి కనుగొన్న మార్గం అనువాదం మాని స్వతంత్రంగా రచించడం.

మత పరివర్తన

యౌవనంలో చౌదరికి క్రైస్తవ కరపత్రాలతో పరిచయం కలిగింది. శ్రీకాకుళంలో ఉండిన హెలెన్ నాట్ అనే పాశ్చాత్య మహిళ ఈయనకు క్రైస్తవ గ్రంథాలను బోధించింది. ఆ తరువాత కటకం వెళ్ళి, అక్కడ పనిచేస్తున్న ఇంగ్లీషు బాప్టిస్టు మిషనరీల వద్ద 1833 అక్టోబరు 6న బాప్తిస్మం పొందాడు. అప్పటికి వయస్సు ముప్పై.

ఈ నిర్ణయానికి చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. బ్రాహ్మణుడు మతం మారితే పంక్తిభోజనం, బంధుత్వం, కర్మకాండ, అన్నీ ఒక్క రోజున తెగిపోయేవి. తండ్రి ఆస్తిలో భాగం కూడ దక్కకపోవచ్చు. మతం లేదా కులం కోల్పోయిన కారణంగా వారసత్వ హక్కు పోరాదనే చట్టం దేశమంతటికీ వర్తించేటట్లు వచ్చింది 1850లో. అంటే చౌదరి బాప్తిస్మానికి 17 సంవత్సరాల తరువాత. భార్య రాధామణి తరువాతి కాలంలో భర్త మార్గాన్నే స్వీకరించింది.

బాప్తిస్మం తరువాత బరంపురం మొదలైన చోట్ల బోధకునిగా పనిచేశాడు. సంతలలో, తీర్థాలలో, వీధి అరుగుల వద్ద ప్రసంగించడం, పండితులతో వాదం, కరపత్రాల పంపిణీ నాటి దేశీయ బోధకుల నిత్యకృత్యం. ప్రసంగానికి నిలవని జనం పాటకు నిలుస్తారని ఇటువంటి పనిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

రచనలు

చౌదరి నూరు పైచిలుకు కీర్తనలు రచించాడు. వచన గ్రంథాలలో కులాచార పరీక్ష, నిస్తార రత్నాకరము ముఖ్యమైనవి. మొదటిది పేరును బట్టే కుల వ్యవస్థను విమర్శకు పెట్టిన గ్రంథం. తాను విడిచిన అగ్రకులం గురించి రాసినది కనుక దానికి ప్రత్యేకమైన విలువ ఉంది. యేసునాయక శతకం పద్యరచన. వేమన, సుమతి శతకాలు బడిలోనే వల్లించే సమాజంలో క్రొత్త మతానికి శతకాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

అయినా చౌదరి పేరు నిలిచింది కీర్తనల వల్లనే. పల్లవి, అనుపల్లవి, చరణాలతో కూడిన సంప్రదాయ నిర్మాణాన్నే ఈయన తీసుకున్నాడు. కర్ణాటక రాగాలను, తాళాలను వాడుకున్నాడు. త్యాగరాజు 1847లో పరమపదించే నాటికి చౌదరికి నలుబది మూడేండ్లు. కీర్తన అనే ప్రక్రియ తెలుగునాట సజీవంగా ఉన్న కాలం అది. భక్తుడు తన పాపాన్ని తలచుకొని ప్రభువు ముందు దీనంగా మొరపెట్టుకోవడం, ఆలస్యమెందుకని నిష్ఠూరమాడడం, శరణు వేడడం రామదాసు కీర్తనలు ఎరిగిన వారికి పరిచితమైన ధోరణి. సంబోధనలు కూడ భక్తి సాహిత్యానికి చెందినవే. సంస్కృత సమాసాలు ఎక్కువ. ఆర్.ఆర్. సుందరరావు తెలుగు క్రైస్తవ కీర్తనలలోని భక్తితత్త్వాన్ని గురించి 1983లో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథం ఈ విషయాన్ని వివరంగా చర్చించింది.

కీర్తనల వ్యాప్తి

పండితుడు కట్టిన సమాసభూయిష్ఠమైన కీర్తనలను ఎక్కువగా పాడినవారు అక్షరం రాని మాల, మాదిగ కూలీలు. సంస్కృతం వినడానికి కూడ అర్హత లేదని తరతరాలుగా దూరం పెట్టబడినవారు, ఆ పదాలనే నోటికి నేర్చి ఇంటింటా పాడుకున్నారు. అర్థం పూర్తిగా తెలియని మాటలు ఉండి ఉండవచ్చు. అయితే రాగం, పునరావృతమయ్యే పల్లవి జ్ఞాపకానికి తోడ్పడ్డాయి. బైబిలు చదవలేనివారికి ఈ పాటలే వేదపాఠాలు.

నిజాం రాజ్యంలోని ఓరుగల్లు ప్రాంతంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ కేంద్రంగా 1912లో ఆంగ్లికన్ అధ్యక్ష మండలం ఏర్పడింది. ఆ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య దానికి అధిపతి. ఈయన తమిళుడు, తెలుగు నేర్చుకొని పనిచేశాడు. ఆరాధన విదేశీ వేషంలో ఉండరాదని భావించి, గ్రామ సంఘాలలో తెలుగు కీర్తనలను, భజనలను ప్రోత్సహించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడిన డోర్నకల్ దేవాలయం స్తంభాలలో, గోపురాలలో హిందూ, ముస్లిం వాస్తు రీతులు కలిసి ఉండడానికీ ఈ భావమే కారణం. భద్రాచలం రామదాసు కీర్తనలు భజన మందిరాలలో వినవచ్చే మరిపెడ, డోర్నకల్ పరిసరాల పల్లెవాసులకు క్రైస్తవ కీర్తన బాణీ పరాయిదిగా తోచి ఉండదు.

చౌదరి తరువాత విశాఖపట్నం లండన్ మిషనుకు చెందిన పులిపాక జగన్నాథం మొదలైనవారు ఈ మార్గంలో రచనలు చేశారు. అనువాద గీతాలు కూడ వచ్చాయి. ఇవన్నీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే సంకలనంలో చేరాయి. ఇందులో కీర్తన పైన రాగతాళాల పేర్లు, అడుగున రచయిత పేరు ముద్రించడం ఆచారం. బాప్టిస్టు, లూథరన్ సంఘాలకూ, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికీ సిద్ధాంత భేదాలు, ఆచార భేదాలు ఉన్నప్పటికీ, బాప్టిస్టు బోధకుడైన చౌదరి కీర్తనలను ఈ సంఘాల వారందరూ పాడుతున్నారు.