బ్రౌను దొరగారు – సంవత్సరముల లెక్క

కడప సీమలో బ్రౌను దొరగారి పేరు విననివారు లేరు. వేమన పద్యములను అచ్చు వేయించిరనియు, తెలుగు నిఘంటువును కూర్చిరనియు అందరు నెరుగుదురు. మన సంవత్సరముల లెక్కకు గూడ వారు పాటుపడిరని యెరిగినవారు కొలదిమంది. ఆ సంగతిని మేమిచ్చట తెలియజేయుదుము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను గారు 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌను గారు అచ్చట క్రైస్తవ గురువు. బ్రౌను గారు 1817లో చెన్నపట్నము చేరి, 1820లో ఉద్యోగియై కడపకు వచ్చిరి. తరువాత నిచ్చట బంగళా కొని, పండితులను పోషించి, వ్రాతప్రతులను పరిష్కరింపజేసిరి.

పాత వ్రాతలు చదువువారికి కాలనిర్ణయము పెద్ద చిక్కు. ప్రభవ, విభవ మొదలగు పేర్లు అరువదియే. అవి ముగియగానే మరల మొదటికి వచ్చును. మన సీమవారు చెప్పుకొను ధాత కరవు 1876లో మొదలైనది. కాని ధాత 1816లోను, 1936లోను, 1996లోను వచ్చినది. పేరొక్కటే వ్రాసిన పత్రము తాతనాటిదో మనుమనినాటిదో యెట్లు తెలియును? పత్రమును నమ్మి పొలము హక్కు తేల్చవలసిన న్యాయస్థానమున నిది సామాన్యమైన చిక్కు కాదు. బ్రౌను గారు న్యాయాధికారిగను పనిచేసినవారు.

ఇదిగాక శాలివాహన శకమొకటి, మహమ్మదీయుల హిజరీ యొకటి, శిస్తు లెక్కల ఫసలీ యొకటి. ఫసలీకి 590 కలిపిన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. హిజరీ యేడు ఇంగ్లీషు యేటికంటె సుమారు 11 దినములు తక్కువ గనుక, దానికి ఒకే అంకె కలిపిన చాలదు, పట్టిక కావలెను.

బ్రౌను గారు అట్టి పట్టికలను కూర్చి 1850లో చెన్నపట్నమున ప్రకటించిరి. 1855లో ఉద్యోగము విడిచి ఇంగ్లండుకు పోయినను ఈ పని మరువక, 1863లో లండనునందు కర్ణాటిక్ క్రోనాలజీ యను గ్రంథమును వెలువరించిరి.

ఒక ఉదాహరణము చూతము. తళ్లికోట యుద్ధము రక్తాక్షి సంవత్సరమున జరిగెనన్న చాలదు. శకము 1486 అని చేర్చిననే కాలము తేలును. శకమునకు 78, జనవరి మొదలు ఉగాది వరకు 79 కలుపవలెను. యుద్ధము ఉగాదికి ముందు జనవరిలో జరిగెను గనుక 1565 వచ్చును.

బ్రౌను గారు 1884 డిసెంబరు 12న, మన లెక్కకు శకము 1806 తారణ సంవత్సరమున, లండనులో మరణించిరి. కడపలో వారి బంగళా ఉండిన స్థలమున నేడు వారి పేరిట గ్రంథాలయము, భాషా పరిశోధన కేంద్రము గలవు.

బాలబాలికలారా! మీ అవ్వతాతలు పుట్టిన సంవత్సరము పేరు అడిగి వ్రాసికొనుడు. ప్రక్కనే శకము అంకెయు వేయుడు. అంకె లేని పేరు అరువది యేండ్లకే అనుమానమగును.