హేమలతా లవణం: నేరము విడిచిన చేతికి చేయూత

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలోని మన పరిటాల ఒకనాడు ఆంగ్లేయుల ఏలుబడి నడుమ నైజాం భూభాగముగా ఉండెడిది. ప్రభువులు కాగితముపై గీసిన గీత మనుషుల బ్రతుకులను ఎట్లు వేరుచేయునో మన పెద్దలు ఎరుగుదురు. అట్టి గీతయే మరొక రూపమున, కృష్ణకు ఆవల, బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురములో గీయబడినది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరించినది. కొన్ని కులములలో పుట్టుటయే నేరమైనది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురమున ముఖ్యముగా ఎరుకలవారిని ఉంచి, హాజరు పట్టీలతో కాపలా కాసిరి. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినను దొంగలన్న పేరు రద్దు కాలేదు. ఊరి పేరు విన్నంతనే పని ఇచ్చువారు వెనుకాడెడివారు. పని దొరకనివాడు మరల పాతదారియే పట్టెడివాడు.

మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తెయైన హేమలత 1932లో జన్మించిరి. పుట్టుకను బట్టి మనిషిని వెలివేయుట ఎంతటి గాయమో ఆమెకు పుస్తకములు చెప్పనక్కరలేదు. తండ్రి జీవితమే పాఠము. 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన లవణమును వివాహమాడి, విజయవాడ నాస్తిక కేంద్ర సేవలో పాలుపంచుకొనిరి.

చంబల్ లోయ బందిపోట్లు 1960లో వినోబా ఎదుట, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ఎదుట ఆయుధములు విడిచిరి. ఆ ఆశతోనే 1970వ దశకమున హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురములో అడుగుపెట్టిరి. నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వము సహకరించినది. ఒట్టు వేయించుకొని వెడలిపోవుట వారి పద్ధతి కాదు. నేరము మానుమని చెప్పినవారే మానినవానికి కూడు చూపవలెనని వారి విశ్వాసము. అందుచేత కుటుంబములతో చనువు పెంచుకొనిరి. పిల్లల చదువు, పెద్దల జీవనోపాధి తమ బాధ్యతగా తలచిరి. దీనికై సంస్కార్ అను సంస్థను నడిపిరి. అనంతరము నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచారమునకు బలియైన స్త్రీల విముక్తికిని శ్రమించిరి. 2008 మార్చి 19న ఆమె కన్నుమూసిరి.

అందరును ఒక్కనాటితో మారిరని మేము చెప్పబోము. మారదలచినవానికి లోకము తలుపు తెరువకున్నచో ఆ సంకల్పము ఎన్నాళ్ళు నిలుచును? జైలు శిక్షకు గడువు కలదు. మన అనుమానమునకు గడువు లేదు. రేపు ఉద్యోగములలో, అధికారములలో కూర్చుండబోవు విద్యార్థినీ విద్యార్థులారా! శిక్ష ముగించుకొని ఒకడు మీ ఎదుటికి పనికై వచ్చిననాడు, ఈ మహనీయురాలిని ఒక్క నిమిషము స్మరింపుడని మా మనవి.