సుద్దాల హనుమంతు

సుద్దాల హనుమంతు (1910 - అక్టోబరు 10, 1982) తెలంగాణా సాయుధ పోరాట కాలపు ప్రజాకవి, గాయకుడు. ఇతడు పూర్వపు నల్లగొండ జిల్లాలోని పాలడుగు గ్రామంలో చేనేత కుటుంబంలో జన్మించాడు. తరువాత స్థిరపడిన సుద్దాల గ్రామమే ఇతని ఇంటిపేరయింది.

హైదరాబాదులో చేస్తున్న ఉద్యోగాన్ని వదలి ఆంధ్ర మహాసభలోను, కమ్యూనిస్టు పార్టీలోను పనిచేశాడు. నిజాం పాలనలో అక్షరానికి నోచుకోని కూలీలకు కరపత్రం కన్నా పాటే చేరువని గ్రహించి, వెట్టిచాకిరీ, దొరల దౌర్జన్యాలను గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి రూపాలలో వినిపించాడు. ప్రశ్నలు, జవాబులు, హాస్యంతో సాగే గొల్లసుద్దులలో ఏ ఊరి సంగతిని ఆ ఊరిలో అప్పటికప్పుడు చొప్పించే వీలుంది. ఉద్యమానికి ఇంతకన్నా అనువైన రూపం మరొకటి అరుదు.

జీతానికి కుదిరిన పశువుల కాపరి బాలునిపై వ్రాసిన "పల్లెటూరి పిల్లగాడా" ఇతని పాటలలో మిక్కిలి ప్రసిద్ధం. గౌతం ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన మాభూమి చిత్రంలో సంధ్య దీనిని పాడింది. పోరాటాన్ని ఎరుగని తరానికి హనుమంతు చేరువైనది ప్రధానంగా ఈ పాటతోనే. విడుదలైన రెండేళ్ళకే ఇతడు క్యాన్సరుతో మరణించాడు.

కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినీ గీత రచయిత. ఠాగూర్ (2003) చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం పొందాడు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం హనుమంతు-జానకమ్మ పురస్కారాన్ని నెలకొల్పాడు.