మోటారు మర్మమెఱిగిన నాయుడుగారు

వికారాబాదునుండి తాండూరునకు బోవు బాట అనంతగిరి కొండలనెక్కి, అడవి మలుపులగుండా సాగును. మూసీనదికి జన్మస్థానమైన ఈ కొండలలో ఒకప్పుడు ఎడ్లబండ్ల చప్పుడు దప్ప వేఱు చప్పుడు వినవచ్చెడిది కాదు. ఇప్పుడు సెలవుదినము వచ్చినచో యువకులు కార్లమీదను, మోటారుసైకిళ్లమీదను వచ్చి యీ మలుపులలో తమ వాహనముల సత్తువ పరీక్షింపజూతురు. అదే బాటమీద తాండూరు నాపరాతిని మోయు లారీలును, బడిపిల్లల నెక్కించుకొన్న ఆటోలును పోవుచుండును. పందెమునకు దిగిన యువకుడు ఆ క్షణమున వీనిని తలపడు. తలచువఱకు కాలమును మించిపోవును.

వేగమునందు మక్కువ యౌవనమునకు సహజధర్మము. నిషేధించినంత మాత్రమున అది నశింపదు. దారి చూపినచో విద్యగా మాఱును. చూపనిచో ప్రాణములు తీయును. మోటారుమీది మోహమును విద్యగా మార్చుకొన్న మహనీయుడొకడు తెలుగు మాతృభాషగాగల కుటుంబమున, తమిళదేశమున జన్మించెను. ఆయనయే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకమునకు జి.డి. నాయుడుగా పరిచితుడు. మన పాఠశాలలలో ఎడిసను పేరు వినని బాలుడుండడు. నాయుడుగారి పేరు విన్నవారిని మాత్రము వేళ్లమీద లెక్కింపవచ్చును.

విజయనగర ప్రభువుల కాలమునుండి తెలుగు కుటుంబములనేకము దక్షిణమునకు తరలిపోయి, కోయంబత్తూరు ప్రాంతపు నేలలలో సేద్యము చేసికొనుచు స్థిరపడినవి. ఇంట తెలుగును, వీధిలో తమిళమును వారి వాడుక. అట్టి కర్షక కుటుంబమొకదానిలో, కోయంబత్తూరు సమీపమందలి కలంగల్ గ్రామమున, 1893 మార్చి 23వ తేదీన దొరస్వామి పుట్టెను. శైశవముననే తల్లిని గోల్పోయెను. బడి చదువు ఆ బాలునకు పట్టుబడలేదు. ప్రాథమిక తరగతులతోనే అది ముగిసెను. పొలముపనులలో పెరిగిన ఆ పిల్లవాడు ముందుముందు కళాశాలను నెలకొల్పునని ఊరివారిలో ఎవ్వరును ఊహించియుండరు.

యౌవనారంభమున ఒకనాడు ఆయన కంట ఒక వింత పడెను. ఆంగ్ల రెవెన్యూ అధికారి యొకడు రడ్జ్ కంపెనీ మోటారుసైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దును గుఱ్ఱమును లేకయే తనంత తాను పరుగెత్తు ఆ బండి పల్లెటూరి యువకుని మనస్సును హరించెను. చూచినవారందఱును ఆశ్చర్యపడి యిండ్లకు బోయిరి. దొరస్వామికి మాత్రము ఆ బండి ఏల పరుగెత్తుచున్నదో తెలిసికొనిననే గాని నిద్ర పట్టదయ్యెను. దానిని తన సొంతము చేసికొనదలచి, ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరెను. కాఫీ గ్లాసులనందించి వచ్చిన జీతమును రూపాయి రూపాయిగా కూడబెట్టెను. తుదకు ఆ మోటారుసైకిలునే కొనెను.

కొన్నవాడు మఱొకడైనచో దానినెక్కి వీధులవెంట తిరిగి మురిసియుండును. దొరస్వామి దానిని ఏ ముక్కకు ఆ ముక్కగా విప్పెను, మరల కూర్చెను. నేర్పిన గురువు లేడు, చదువుటకు గ్రంథము లేదు. పెట్రోలు గాలితో కలిసి సిలిండరులోనికెట్లు వచ్చుచున్నది, పిస్టను దానినెట్లు నొక్కుచున్నది, విద్యుత్కణము తగిలి ఆ మిశ్రమమెట్లు భగ్గుమనుచున్నది, ఆ విస్ఫోటము చక్రమునెట్లు త్రిప్పుచున్నది అను విషయములను ఆయన చేతివ్రేళ్లతో చదివెను. ఆయన జీవితమునందలి సమస్త విజయములకును మూలము ఈ విప్పికూర్చుటయే.

ఈ సందర్భమున దేశాంతర విషయమొకటి చెప్పవలసియున్నది. డ్రాగ్ రేసింగు అను పందెము అమెరికాలో పుట్టెను. నిలిచియున్న రెండు కార్లు పక్కపక్కనుండి ఒక్కసారిగా బయలుదేరి పావుమైలు, అనగా సుమారు 402 మీటర్లు, తిన్నని దారిలో ఏది ముందు ముగించునో చూచుట దాని స్వరూపము. 1930ల నాటికే కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చౌకగా కొని, బరువు తగ్గించి, ఇంజనులకు స్వహస్తములతో బలము గూర్చి, ఎండిన సరస్సుల మైదానములలో పరుగెత్తించెడివారు. యుద్ధానంతరము ఆ పందెములు నగరవీధులకెక్కి ప్రమాదకరములైనవి. అప్పుడు వాలీ పార్క్స్ అను నాతడు 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంస్థను నెలకొల్పి, పందెములను వీధులనుండి తప్పించి, నియమములుగల మైదానములకు మరలించెను. ఆ యువకులకును మన నాయుడుగారికిని సముద్రములు అడ్డమైనను గుణమొక్కటియే. తాము నడపు యంత్రము తమ చేతికి తెలిసినదై యుండవలెననునదే వారి పంతము.

నాయుడుగారి దారి పూలబాట కాదు. పత్తి వ్యాపారమునకు దిగి, బొంబాయి వఱకు పోయి, నష్టపడి తిరిగి వచ్చిరి. అప్పుడాయనను ఆదుకొన్నవాడు కోయంబత్తూరులో మిల్లులు స్థాపించిన రాబర్టు స్టేన్స్ అను ఆంగ్ల పారిశ్రామికుడు. ఆయన తోడ్పాటుతో 1920లో నాయుడుగారు ఒక బస్సును సంపాదించి పొల్లాచి, పళని పట్టణముల నడుమ నడిపిరి. యజమానియు ఆయనయే, డ్రైవరును ఆయనయే. అంతకుమున్ను వేగమనిన ఆయనకు ఒక్కని ఉల్లాసము. ఇప్పుడు వెనుక ప్రయాణికులు కూర్చుండియుండిరి. వేగమునకు బాధ్యత తోడయ్యెను.

ఆ యొక్క బస్సు కొలదికాలముననే పలు బస్సులయ్యెను. యు.ఎం.ఎస్. అను పేర ఆయన రవాణా సంస్థ దేశమునందలి సమర్థములైన బస్సు సంస్థలలో నొకటిగా ఎన్నికగనెను. చెడిన బండిని మూలబెట్టి విదేశమునుండి విడిభాగము వచ్చువఱకు ఎదురుచూచుట ఆనాటి ఆచారము. మోటారుసైకిలును విప్పి చూచిన చేతులకు అట్టి నిరీక్షణము నచ్చదు. మరమ్మతుశాల ఆయనకు ప్రయోగశాల యయ్యెను.

అనంతరము ఆయన ఐరోపా, అమెరికా దేశములను పర్యటించిరి. కర్మాగారములను చూచిరి. ఛాయాచిత్రములు తీయుటయు ఆయనకొక వ్యసనము. 1936లో లండనునగరమున జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చిత్రీకరించిరి. స్వదేశమున గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసులును ఆయన కెమెరాకు చిక్కిరి. విదేశములలో చూచిన ప్రతి యంత్రమును గూర్చియు ఆయన మనస్సులో పుట్టిన ప్రశ్న యొక్కటియే: దీనిని మన ఊరిలో ఏల చేయరాదు?

ఆ ప్రశ్నకు సమాధానము 1937లో లభించెను. కోయంబత్తూరు పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అను కర్మాగారమున, డి. బాలసుందరం నాయుడుగారి సహకారముతో, భారతదేశమున తొలి స్వదేశీ విద్యుత్ మోటారు వెలువడెను. కోయంబత్తూరు ప్రాంతము మోటారులకును పంపులకును నెలవుగా పేరొందుటకు అది నాంది. బావులలో నీరున్నను తోడు సాధనములేక అల్లాడు రైతునకు ఆ మోటారు ఎంతటి వరమో మన తాండూరు కందిరైతును అడిగినను చెప్పును. నాయుడుగారి చేతినుండి మఱియు ననేక సాధనములు వెలువడెను. బ్యాటరీతో నడచు చిన్న మోటారుగల క్షౌరయంత్రము, మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడు, కిరసనాయిలుతో తిరుగు పంఖా, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు తావియ్యని ఓట్ల నమోదు యంత్రము వానిలో కొన్ని. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి యీయగలనని ప్రకటించిరి. ప్రతి వస్తువును సామాన్యునకు అందుబాటులోనికి తెచ్చుటయే ఆయన ధ్యేయము.

బడి చదువు లేని యీ మనుజుడు చదువును తృణీకరించెనని విద్యార్థులు భ్రమింపరాదు. 1944లో వ్యాపారభారమును తగ్గించుకొని, దృష్టిని విద్యవైపు మరల్చిరి. ఆయన పూనికవలన 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక కళాశాల వెలసెను. ఆర్థర్ హోప్ ఆనాటి మద్రాసు గవర్నరు. ఆ కళాశాలయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా పరిణమించెను. ప్రథమ ప్రిన్సిపాలు నాయుడుగారే. అయితే నాలుగేండ్ల ఇంజనీరింగు విద్య కాలహరణమనియు, పనిచేయుచు నేర్చుకొన్నచో రెండేండ్లు చాలుననియు ఆయన వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన పదవిని విడిచిరి.

ఈ వివాదమున ఎవరి పక్షము న్యాయమో తేల్చుట సులభము కాదు. వంతెన కట్టువానికి గణితము కావలెను. దానిని తొందరపెట్టి నేర్పరాదు. తన వంటి అసాధారణ బుద్ధిని ప్రమాణముగా గైకొని సామాన్య విద్యార్థులందఱికిని కాలము నిర్ణయించుట నాయుడుగారి లోపమని నా యభిప్రాయము. కాని పనిముట్టును తాకకయే పట్టము పొందు విద్యార్థిని చూచి ఆయన పడిన ఆవేదనలో అసత్యము లేదు. దానికి మన కళాశాలలు నేటికిని పూర్తిగా సమాధానము చెప్పలేదు.

ఆయన జీవితమున మిక్కిలి విషాదకరమైన ఘట్టము 1952లో సంభవించెను. ఇద్దఱు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును ఆయన తయారుచేసిరి. దాని వెల కేవలము 2,000 రూపాయలు. మోటారుకారు జమీందారులకును పెద్ద ఉద్యోగులకును మాత్రమే దక్కిన రోజులవి. గుమాస్తాయు, బడిపంతులును కారెక్కవచ్చునని చెప్పిన తొలిపలుకు ఆ చిన్నకారు. కాని 1951నాటి పరిశ్రమల చట్టము ననుసరించి ఉత్పత్తికి ప్రభుత్వపు లైసెన్సు కావలెను. అది లభింపలేదు. కారు ఆగిపోయెను. సామాన్య గృహస్థుల కారుగా ప్రసిద్ధికెక్కిన మారుతి 1983 డిసెంబరులో గాని వీధికి రాలేదు. నడుమ ముప్పదియొక్క సంవత్సరములు గడచెను. కొఱతపడిన విదేశమారకమును పొదుపుగా వాడవలసిన కాలమది యను వాదము లేకపోలేదు. అయినను ఒక మంచి యంత్రము కాగితమునకు ఓడిపోవుట చూచినప్పుడు మనస్సు చివుక్కుమనక మానదు.

ఓటమితో ఆయన ఊరకుండలేదు. సేద్యమున పరిశోధనలు సాగించి, నిలువెత్తును మించిన పత్తిమొక్కలను పెంచిరి. ఉద్యోగుల సంక్షేమమునకును, విద్యార్థుల వేతనములకును ధనమిచ్చిరి. విజ్ఞానశాస్త్రమున నోబెల్ బహుమానమందిన సి.వి. రామను వంటి పండితుడు ఈ చదువులేని శాస్త్రజ్ఞుని మెచ్చుకొనెను. 1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి.

ఆయన నాటిన యంత్రాసక్తి కోయంబత్తూరున ఎండిపోలేదు. మద్రాసుచెంత షోలవరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలము పాడుపడియుండగా, 1950లలో మోటారు క్రీడాభిమానులు దానిని పందెపుబాటగా మార్చిరి. కోయంబత్తూరునందలి మఱొక తెలుగు కుటుంబమున, లక్ష్మీ మిల్లుల వంశమున, జన్మించిన కరివర్ధన్ అచట కార్లు నడపి పేరుగాంచెను. అంతతో తృప్తిపడక మారుతి ఇంజనుతో చిన్న పందెపుకార్లను నిర్మించి, ధనవంతులు కాని యువకులకును ఆ క్రీడను అందుబాటులోనికి తెచ్చెను. 1995లో విమానప్రమాదమున ఆయన మరణించెను. 2003లో ఏర్పడిన కోయంబత్తూరు పందెపుబాటకు ఆయన పేరే పెట్టిరి. ఆ నగరమునకే చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. హోటలులో కాఫీ అందించి మోటారుసైకిలు కొన్న యువకుని ఊరికి ఇట్టి పరంపర తగియున్నది.

2015లో నాయుడుగారి పేర కార్ల ప్రదర్శనశాల వెలసెను. 2025 అక్టోబరులో ఆ నగరపు అవినాశి రోడ్డున ప్రారంభమైన పది కిలోమీటర్ల పొడవుగల వంతెనకు ఆయన పేరుంచిరి. లైసెన్సు పొందలేకపోయిన కారు నిర్మాత పేరుగల దారిమీద నేడు వేలకొలది కార్లు పరుగెత్తుచున్నవి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. భౌతికశాస్త్రమున గతిశక్తి పాఠము వచ్చినప్పుడు ఈ సంగతి బోధింపుడు: వేగము రెట్టింపైనచో గతిశక్తి నాలుగింతలగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసిన బండి నిలుచుటకు పట్టు దూరము 80 కిలోమీటర్ల వేగమున నాలుగు రెట్లగును. అనంతగిరి మలుపున అంత దూరము కంటికే కనబడదు. ఈ లెక్క తెలిసిన యువకుని చేయి తనంత తానే వెనుకకు వచ్చును. పందెమాడదలచినవానికి నియమములుగల మైదానములు కలవు. అడవిబాట పందెపుబాట కాదు. విద్యార్థులకు చెప్పవలసినది ఇంకను చిన్నది. మీ యింట నున్న మోటారుసైకిలు ఎంత వేగముగా పోవునో మీకు తెలిసియుండవచ్చును. అది ఏల పోవుచున్నదో తెలిసికొనుడు. తాండూరు లారీలను బాగుచేయు మేస్త్రీలలో ఎవరినడిగినను సంతోషముతో విప్పి చూపును. ఒక పాత ఇంజను సంపాదించి బడి ఆవరణలో నుంచినచో, ఏ మూలనో కూర్చున్న మఱొక దొరస్వామి చేయి చాచకపోడు.