కోపల్లె హనుమంతరావుగారు

కృష్ణా మండలమున అవనిగడ్డ మొదలు గుడివాడ వరకు గల పల్లెలకు బందరు చిరకాలముగా చదువుల పట్టణము. ఒకప్పుడు కలంకారీ వస్త్రములను దూరదేశములకు పంపిన ఆ రేవున, ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి చేతిపనులు క్షీణించినవి. చదువన్నచో గుమాస్తా కొలువు, లేదా వకీలు వృత్తి అను భావము స్థిరపడినది. ఆ భావమును మార్చుటకై జీవితమును ధారపోసినవారు కోపల్లె హనుమంతరావుగారు.

నోబుల్ కళాశాలలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి శిష్యులై, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లకు సహచరులైరి. ఎం. ఏ., బి. ఎల్. పట్టములు పొందియు న్యాయవాద వృత్తిని త్యజించిరి. 1907లో బిపిన్ చంద్రపాల్ బందరులో ప్రసంగించిన పిదప జాతీయ విద్య అను ఆశయము ఇచ్చట వేళ్లూనినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది.

పాఠ్యప్రణాళికయే అందలి అసలు చిక్కు. వంగదేశమున 1906లో సాహిత్యశాస్త్రములు ముందా, పారిశ్రామిక విద్య ముందా అను వివాదము పుట్టి, జాతీయ విద్యావాదులు రెండు సంస్థలుగా చీలిరి. 1910లో గాని ఏకము కాలేదు. బందరు కళాశాల ఆ రెంటిని ఒకే ఆవరణమున నిలిపినది. భాషాచరిత్రలు చదువు విద్యార్థులకే వడ్రంగము, నేత, యంత్రవిద్యలు కూడ అందుబాటులోనికి వచ్చినవి. పింగళి వెంకయ్యగారు అచ్చట ఉపాధ్యాయులుగా నుండిరి.

మగ్గము ముందు కూర్చున్నవాని కాలు, చేయి, కన్ను ఒక్క లయలో మెలగవలెను. పీట ఎత్తు తప్పినచో నడుము నొచ్చును. నాడె బరువు తప్పినచో పోగు తెగును. యంత్రము మనుష్యుని కొలతకు ఒదుగవలెనను ఈ సూత్రమును నేటి పారిశ్రామిక ఇంజనీరింగు ప్రత్యేక శాస్త్రముగా బోధించుచున్నది. పనిచేసి చూడనివానికి అది పుస్తకమువలన పూర్తిగా తెలియదు. కర్మశాలకు తరగతిగదితో సమానస్థానమిచ్చుటలోని విలువ ఇదియే.

అయితే ఆ విద్యకు సర్కారు కొలువు దొరకునను హామీ లేదు. తలిదండ్రులు సంకోచించిరి. ప్రజల విరాళములే సంస్థకు ఆధారము. ఆ భారమును మోయుచునే హనుమంతరావుగారు 1922లో, నడివయస్సుననే, కన్నుమూసిరి.

తరువాత ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు అచ్చట చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజుగారు ప్రధానాచార్యులైరి. వంగదేశపు సంస్థ 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైనది. బందరు సంస్థకు అంతటి విస్తృతి లభింపలేదు. అయినను చేతిపనిని చదువునకు తక్కువగా చూడరాదని హనుమంతరావుగారు ఆచరించి చూపిన మార్గము, పాఠ్యప్రణాళికలు వ్రాయువారు నేటికిని పరిశీలింపదగినది.