కార్యదక్షుడు విశ్వేశ్వరయ్య

హైదరాబాదు పాతబస్తీని ఆనుకొని ప్రవహించే మూసీనది 1908 సెప్టెంబరు 28న ఉగ్రరూపం దాల్చింది. వంతెనలు కూలిపోయాయి. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అటువంటి విపత్తు మరల సంభవించకుండా చూడాలని సంకల్పించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది.

విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. ఆయన పూర్వికులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామానికి చెందినవారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన, పిల్లలకు పాఠాలు చెబుతూ బెంగుళూరులో చదువుకున్నారు. పుణేలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు ఆయన ప్రతిభకు నిదర్శనం.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య తొందరపడి గోడలు కట్టించలేదు. మొదట వరదకు మూలకారణాన్ని అన్వేషించారు. నదికి ఎగువన ఉన్న 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడినట్లు తేలింది. ఒక చెరువు తెగి, ఆ నీరు దిగువ చెరువుపై పడగా, వరద అంతకంతకు పెరిగి నగరాన్ని ముంచెత్తింది. కనుక నగరంలో గట్లు ఎత్తుచేసినంత మాత్రాన ప్రయోజనం లేదనీ, వరదను ఎగువనే నిలపాలనీ ఆయన నిశ్చయించారు. మూసీపై ఒకటి, దాని ఉపనది అయిన ఈసీపై మరొకటి జలాశయాలు నిర్మించాలని, నగరంలో నదీతీరాలను తీర్చిదిద్దాలని, మురుగునీటి పారుదల వ్యవస్థను ఏర్పరచాలని ప్రతిపాదించారు.

అమెరికా దేశపు ఇంజనీరు హెన్రీ గాంట్ 1910వ దశకంలో ఒక పటాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో అందులోని అడ్డుపట్టీలు తెలుపుతాయి. నేడు కంప్యూటర్లలో పనుల ప్రణాళిక వేసేవారు ఆ గాంట్ పటాన్నే వాడుతున్నారు. అది ప్రాచుర్యం పొందకముందే, ఏది ముందో ఏది తరువాతో, ఏ పని దేనిపై ఆధారపడి ఉన్నదో గుర్తించి అడుగు వేయడమే విశ్వేశ్వరయ్య పద్ధతి.

ఆయన సూచించిన పనులను 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, ఏడవ నిజాం కాలంలో కొనసాగించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను అడ్డుకోవడానికి తలపెట్టిన ఈ జలాశయాలే దశాబ్దాలపాటు నగర ప్రజల దాహాన్ని తీర్చాయి.

అనంతరం విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా సేవలందించారు. దేశాభివృద్ధికి ప్రణాళిక అవసరమని 1934లో ఒక గ్రంథం రచించారు. 1955లో భారతరత్న పురస్కారం అందుకున్నారు. నిండు నూరేళ్లు దాటి జీవించి 1962లో పరమపదించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను మనదేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు చెరువులకు గండ్లు పడి పాతబస్తీలోని పలు కాలనీలు మళ్లీ నీట మునిగాయి. ప్రణాళిక ఒకసారి వేసి మరచిపోయేది కాదు. ప్రతి తరమూ దానిని కాపాడుకోవాలి. కారణం తెలుసుకొని, క్రమం ఏర్పరచుకొని, పట్టుదలతో పని పూర్తిచేయడమే ఆ మహనీయుని జీవితం మనకు అందించే సందేశం.